సబ్జా నీళ్ళు

డాక్టర్ సుధీర్ బాబు అడిగింది నిస్సీని. చెప్పింది మాత్రం రత్నకుమారి.

"నీళ్ళేమీ పోలేదు సార్. జ్వరం గిరం కూడా లేదు. ఆ మిరపకాయల ఘాటే సార్. కల్లంలో కూర్చుని తెల్లబడ్డ తాలుకాయలు ఏరింది గదా, ఆ ఘాటంతా లోపలికి పోయి పసిగుడ్డు ఊపిరితిత్తుల్ని తినేసింది."

నిస్సీ తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. ఇదేమీ కొత్త కాదు. పెళ్ళయిన కొత్తలో ఎవరైనా "నీ పేరేందమ్మా?" అని అడిగినా అత్తగారే చెప్పేది. ప్రతి ఆదివారం చర్చిలో లేచి సాక్ష్యం చెప్పీ చెప్పీ రత్నకుమారి గొంతు మైకు అక్కర్లేనంతగా తయారైంది. ఆ గొంతు ముందు కోడలి మాట ఎప్పుడూ ఆలస్యంగానే బయలుదేరేది, బయలుదేరినా పెదాల దాకా వచ్చి ఆగిపోయేది.

నరసరావుపేట పెద్దాసుపత్రిలో, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని ఉంచే వార్డు ముందు నిలబడి ఉన్నారు ముగ్గురూ. నిస్సీ, ఆమె భర్త ఏసుబాబు, అతని తల్లి రత్నకుమారి. అద్దం తలుపు వెనక నిస్సీ కొడుకున్నాడు. ఏడో నెల నిండీ నిండకముందే పుట్టినవాడు. పుట్టగానే గట్టిగా ఏడ్చాడు. ఇంత చిన్నవాడు ఇంత బాగా ఊపిరి తీస్తాడనుకోలేదని ఈ డాక్టరే అన్నాడు. చూస్తుండగానే ఊపిరి మిషను తీసేశారు. వారాలు గడిచి, రేపో మాపో ఇంటికి పంపిస్తారని అందరూ ఎదురుచూస్తుంటే, వాడి ముక్కుకు మళ్ళీ ఆక్సిజన్ గొట్టాలు పెట్టారు.

"అమ్మా, నేను అడుగుతున్నది పిల్లవాడి తల్లిని," అన్నాడు డాక్టరు, విసుగు దాచుకోకుండానే. "చెప్పమ్మా. కాన్పుకు ముందు రోజుల్లో కింద తడిగా ఏమైనా అనిపించిందా? నీళ్ళలాగా?"

"అది నా దగ్గర ఏదీ దాచదు సార్," అంది రత్నకుమారి. "అట్టాంటిదేమన్నా ఉంటే నాకు చెప్పకుండా ఉంటదా?"

నిస్సీకి ఒళ్ళు మండిపోయింది. ఎందుకంటే ఆ మాట నిజం. అత్త దగ్గర ఏదీ దాచలేదు. చెప్పింది. రోజూ చెప్పింది. పొద్దున్నే చెప్పింది, కల్లంలో చెప్పింది, ఇంటికొచ్చి మళ్ళీ చెప్పింది.

లోపల ఏదో మిషను కూతపెట్టింది. డాక్టరు మాట మధ్యలోనే తలుపు తోసుకుని వెళ్ళిపోయాడు. ఏసుబాబు ఆటో తాళాన్ని వేలికి తగిలించుకుని తిప్పుతూ, గోడ వంక చూస్తూ అన్నాడు. "చెబితే వినవు గదా. కల్లానికి పోబాకంటే పోయావు."

"ఎవరు పోబాకన్నారు?" అంది నిస్సీ.

గట్టిగానే అన్నాననుకుంది. ఎవరికీ వినిపించినట్టు లేదు. రత్నకుమారి అప్పటికే పక్క బెంచీ మీద కూర్చున్న క్రోసూరు ఆవిడకు మిరపకాయల ఘాటు సంగతి మొదటి నుంచీ మొదలుపెట్టేసింది.

*

చెప్పులు విడిచి, మోచేతుల దాకా సబ్బు రాసుకుని కడుక్కుని, పైన ఆకుపచ్చ గౌను తొడుక్కుని నిస్సీ లోపలికి వెళ్ళింది. స్టాఫ్ నర్సు సయీదా స్టీలు గిన్నె చేతికిచ్చింది. తెర చాటున కూర్చుని పాలు పిండుకోవాలి. బొటనవేలు ఎక్కడ పెట్టాలో, ఎంత నొక్కాలో మొదట్లో సయీదాయే చూపించింది. ఇప్పుడు చేతులు వాటంతటవే చేసుకుపోతాయి. పాలు గిన్నె అడుగున చప్పుడు చేస్తూ పడ్డాయి.

"ఇటు తే," అని సయీదా గిన్నె అందుకుని, పిల్లవాడిని ఎత్తి నిస్సీ రొమ్ముల మధ్య బోర్లా పడుకోబెట్టి పైనుంచి గుడ్డ చుట్టి ముడేసింది. కోడిపెట్ట కింద పిల్లలాగా వాడు సర్దుకున్నాడు. ఒళ్ళు వెచ్చగా ఉంది. కానీ డొక్కలు ఎగరేస్తున్నాడు. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద చర్మం గుంట పడుతోంది, మళ్ళీ లేస్తోంది. గొట్టం నుంచి వచ్చే గాలి వాడి పెదవి మీద సన్నగా తగులుతోంది. వాడు శ్రమపడుతున్నాడు. పాలు తాగే వయసులో, ఏ పనీ చెయ్యక్కర్లేని వయసులో, ఊపిరి తీసుకోవడమే వాడికి కూలిపని అయిపోయింది.

"ఏంది నిస్సీ, మొహం అట్టా పెట్టావు?" అంది సయీదా.

"అక్కా, నీకో మాట చెప్పాలి."

"చెప్పు."

నిస్సీ గొంతు సవరించుకుంది. ఎక్కడ మొదలుపెట్టాలి? గోనెపట్టా దగ్గరా? వాసన దగ్గరా? "కాన్పుకు ముందు నాకు..."

"అమ్మాయ్!" తలుపు సందులోంచి రత్నకుమారి గొంతు దూరింది. "పాస్టరుగారు, పాస్టరమ్మగారు వచ్చారు. బిడ్డ కోసం ప్రార్థన చెయ్యాలి. త్వరగా రా."

"ఏమ్మా, ఇది ఆసుపత్రా, బజారా? నెమ్మదిగా!" అని సయీదా తలుపు దగ్గరికి పోయింది. అటు నుంచటే ఇంకో బిడ్డ దగ్గరికి వెళ్ళిపోయింది. మాట అక్కడికక్కడే పోయింది.

వరండాలో ప్రార్థన అయ్యాక పాస్టరమ్మగారు నిస్సీ తల నిమిరి, జాలిగానే అంది. "కడుపుతో ఉన్నప్పుడు కల్లానికి పోకుండా ఉండాల్సిందమ్మా."

"మా అత్తే నన్ను నిద్ర లేపి తీసుకుపోయేది అమ్మగారూ," అంది నిస్సీ. ఇంత సూటిగా ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు.

రత్నకుమారి నవ్వింది. నొచ్చుకోలేదు, కోప్పడలేదు, హాయిగా నవ్వింది. "దానికి మతి నిలకడగా లేదమ్మా. బాలింత గదా, ఏదేదో మాట్టాడుద్ది." అని కోడలి చెవుల మీదుగా గుడ్డ బిగించి కట్టింది. చెవుల్లోకి గాలి పోకూడదట. పాస్టరమ్మగారు తల ఊపింది. నిస్సీకి ఆ గుడ్డ లాగి అవతల పారేయాలనిపించింది. పారేస్తే మతి లేదన్న మాటకు తనే రుజువు చూపించినట్టవుతుందని ఊరుకుంది.

ఈ వరండాలోనే రత్నకుమారి, బిడ్డకు మిషను తీసిన రోజున, మోకాళ్ళ మీద పడి ఏడ్చింది. ఆ ఆదివారమే చర్చిలో లేచి, నా మనవడికి దేవుడు తన ఊపిరి ఊదాడని సాక్ష్యం చెప్పింది. అందరూ స్తోత్రం అన్నారు. ఇప్పుడు ఆ ఊపిరికి మళ్ళీ గొట్టాలు పెడితే, తప్పు దేవుడిది కాకూడదు, తనది అంతకన్నా కాకూడదు. మిగిలింది నిస్సీ.

*

మర్నాడు రౌండ్లు అయ్యాక డాక్టరే వాళ్ళను లోపలి గదికి పిలిచి కూర్చోబెట్టాడు. సుధీర్ బాబుది ఈపూరు వైపు పల్లె. తిట్టినా, నవ్వినా ఊరి మనిషిలాగే ఉంటాడు.

"ఘాటు గీటు అని వార్డంతా చెబుతున్నారట. అది ముందు మానండి," అన్నాడు. "కల్లంలో ఘాటు తల్లి ముక్కుకు తగులుతుంది. కడుపులో బిడ్డ ఆ గాలి పీల్చడు కదా. వాడి చుట్టూ ఉమ్మనీరు ఉంటుంది. ఆ నీళ్ళనే లోపలికి తీసుకుంటూ, వదుల్తూ ఉంటాడు. ఊపిరితిత్తులు అట్లాగే ఎదుగుతాయి. ఆ నీళ్ళలోకి క్రిములు చేరాయనుకో, వాడు లోపలికి తీసుకునేదీ అవే. ఊపిరితిత్తులు కడుపులోనే వాచిపోతాయి. మీవాడికి జరిగింది అదే. కాన్పు రోజున మాయ కూడా వాసన వచ్చిందని రాశారు."

"మరి పుట్టినప్పుడు బాగానే ఊపిరి తీశాడు గదా సార్?" అన్నాడు ఏసుబాబు.

"అక్కడే మనం మోసపోయాం. తెగులు తగిలిన మిరపచెట్టుకు కాయ ముందే పండుతుందా లేదా?"

"పండుద్ది సార్."

"చూడ్డానికి ఎర్రగానే ఉంటుంది. తూకం?"

"తూకం రాదు సార్."

"ఇదీ అంతే. లోపల ఇన్ఫెక్షన్ తగిలితే ఒక్కోసారి ఊపిరితిత్తులు తొందరపడి ముందే తయారవుతాయి. అందుకే పుట్టగానే అంత గట్టిగా ఏడ్చాడు. కానీ లోపల గాలి నిలిచే చిన్న చిన్న అరలు ఉంటాయి. ఇంకా బోలెడు ఏర్పడాల్సినవి. వాపు వల్ల అవి ఏర్పడటం ఆగిపోయింది. ఉన్న కొద్ది అరలతోనే లాక్కొస్తున్నాడు. ఒళ్ళు పెరిగేకొద్దీ ఆ గాలి చాలడం లేదు."

"తగ్గుద్దా సార్?" అంది నిస్సీ. ఆ గదిలో ఆమె మాట్లాడిన మొదటి మాట అదే.

"చాలామందికి తగ్గుతుంది. పిల్లలకు మూడు నాలుగేళ్ళ దాకా కొత్త అరలు వస్తూనే ఉంటాయి. కొన్నాళ్ళు ఆక్సిజన్ ఉండొచ్చు, జలుబు చేస్తే పరిగెత్తుకు రావాల్సి ఉంటుంది. ఈలోగా పొగ తగలనివ్వకూడదు. కట్టెల పొయ్యి, దోమల చక్రం, బీడీ, సాంబ్రాణి, ఏదీ వద్దు."

"సాంబ్రాణి కూడా వద్దంటే ఎట్టా సార్?" రత్నకుమారి ఉలిక్కిపడింది. "పసిబిడ్డకు నీళ్ళు పోసి సాంబ్రాణి ఎయ్యకపోతే జలుబు చెయ్యదూ?"

"వేస్తే జలుబు కాదమ్మా, ఊపిరే ఆడదు," అన్నాడు డాక్టరు. నిస్సీ వైపు తిరిగాడు. "ఉమ్మనీటి సంచి కొంచెంగా చిట్లి నీళ్ళు కారుతూ ఉంటే ఆ దారినే క్రిములు పోతాయి. కొందరికి క్రిములే ముందు చేరి సంచిని చిట్లిస్తాయి. అది ఎవరి తప్పూ కాదు. కానీ తడి కనిపించిన రోజే వస్తే మందులేసి, బిడ్డ ఊపిరితిత్తులకు ఇంజెక్షన్ వేసి కొంత కాపాడగలం. అందుకే మళ్ళీ అడుగుతున్నా. కారాయా?"

ఏసుబాబు పెళ్ళాం వైపు చూశాడు. రత్నకుమారి ఎవరి వైపూ చూడలేదు. చీర కుచ్చిళ్ళు సర్దుకుంటోంది. సర్దిందే సర్దుతోంది.

నిస్సీకి గోనెపట్టా కళ్ళ ముందు కనిపించింది. ఎర్రటి కాయల కుప్ప ముందు వరసగా ఆడవాళ్ళు. తన కింద గోనె తడిసి చల్లగా తగిలితే, పక్కనున్న అత్త చెవిలో చెప్పింది. రత్నకుమారి గబుక్కున తన గోనె తీసి కోడలి కింద వేసింది. తడిసినదాన్ని తను వేసుకుని దాని మీద కూర్చుంది. ఎవరూ చూడకుండా. "వేడి చేసిందే. తెల్లబట్ట. ఎండలు ఎట్టున్నాయో చూశావుగా. ఎవరితో అనబాక, నవ్వుతారు." మర్నాటి నుంచీ పొద్దున్నే నానబెట్టిన సబ్జా గింజలు, కలకండ, నిమ్మరసం పిండి గ్లాసుతో మంచం దగ్గరికే తెచ్చి ఇచ్చేది. తాగేదాకా పక్కనే నిలబడేది. పుట్టింట్లో అమ్మ కూడా అంత చెయ్యలేదు. అదీ నిస్సీ బాధ. తిట్టిపోసిన అత్త మీద చెప్పడం తేలిక. తడి గోనె మీద కూర్చున్న అత్త మీద ఎలా చెప్పాలి?

"చెప్పు, ఏమన్నా ఉంటే," అన్నాడు ఏసుబాబు.

"లేదు సార్," అంది నిస్సీ.

డాక్టరు ఒక్క క్షణం ఆమెనే చూసి, లేచాడు. బయటికొచ్చాక నిస్సీకి తన చెంప తనే వాయించుకోవాలనిపించింది. ఇంతకాలం ఇంకొకరు మాట్లాడనివ్వలేదన్న కోపమైనా ఉండేది. ఇవాళ అదీ లేదు. నోరు తనదే, అబద్ధమూ తనదే.

సాయంత్రానికల్లా రత్నకుమారి కథ మార్చేసింది. క్రోసూరు ఆవిడతో అంటుంటే నిస్సీ చెవిన పడింది. "ఘాటు కాదంటమ్మా, క్రిములంట. ఆ కల్లాల కాడ కంపచెట్ల చాటుకు పోయి కూర్చునేది గదా. అక్కడ అంటుకుని ఉంటది." ఔరా అనుకుంది నిస్సీ. డాక్టరు చెప్పిందంతా విని, అందులోంచి కూడా తనకు సరిపడా ముక్కే ఏరుకుంది. ఎంతైనా కాయలు ఏరే చెయ్యి.

*

ఆ మరుసటి రోజు మధ్యాహ్నం ఆసుపత్రి వెనక కుళాయి దగ్గర రత్నకుమారి పిల్లవాడి గుడ్డలు ఉతుకుతోంది. గట్టు మీద పెట్టిన ఫోను మోగింది. "నా చేతులు సబ్బుగా ఉండాయి. నువ్వెత్తవే," అంది.

అవతల ప్రియ. ఏసుబాబు చెల్లెలు. తొలి కాన్పని పుట్టింటికి వచ్చి ఉంది. ఏడో నెల.

"అమ్మా, సబ్జాల డబ్బా యాడ పెట్టావే? పప్పుల డబ్బాల ఎనకుందన్నావు, అక్కడుంది అయిపోయింది. ఇంకో పొట్లం ఉందన్నావుగా?"

"నేను ప్రియా, నిస్సీని."

"వదినా! బాబు ఎట్టున్నాడు?"

"సబ్జాలు ఎందుకు?"

"చానా వేడి చేసింది వదినా. తెల్లబట్ట. అమ్మకు ఫోనులో చెబితే సబ్జా నీళ్ళు తాగమంది. తాగుతూనే ఉన్నా, తగ్గట్లా."

నిస్సీ చెవికి ఫోను గట్టిగా అదుముకుంది. "చిక్కగా అవుతోందా, నీళ్ళగానా?"

"నీళ్ళగానే. లంగా తడిసిపోతంది. లేచి నిలబడితే ఇంకా పోతంది."

"వాసన?"

"ఏమో వదినా. కొంచెం."

"ఒళ్ళు వెచ్చగా ఉందా?"

"రాత్రి చలేసింది. ఎండ దెబ్బ అనుకున్నా. ఏంది వదినా, ఎందుకట్టా అడుగుతున్నావు?"

"మంచం మీద పడుకో. లేవబాక. మీ అన్న వస్తాడు ఆటో తీసుకుని. సబ్జాలు లేవు, ఏం లేవు."

ఫోను పెట్టేసి నిస్సీ కుళాయి కట్టేసింది. బకెట్లో పడుతున్న నీళ్ళు ఒక్కసారి ఆగిపోయేసరికి రత్నకుమారి తలెత్తింది.

"ప్రియకు నీళ్ళు పోతున్నాయి. నీకు తెలుసు."

"తెల్లబట్టే అది. వేడికి..."

"అత్తా!" అంది నిస్సీ. ఆ గొంతు ఎక్కడిదో ఆమెకే అర్థం కాలేదు. పక్క కుళాయి దగ్గరున్నవాళ్ళు తిరిగి చూశారు. "డాక్టరు నీ ముందే గదా చెప్పింది? నీళ్ళు పోతే ఏమయ్యిద్దో? విని కూడా దానికి సబ్జాలే తాగమంటావా?"

"నా కూతురికి శాపం పెడతన్నావా? నీ బిడ్డకు అయిందని దాని బిడ్డకు కూడా కావాలని చూస్తన్నావా?"

ఏసుబాబు పరుగెత్తుకొచ్చాడు. "ఏంది ఈ గోల, అందరూ చూస్తున్నారు!"

"చూడనీ. బావా, ఆటో తియ్యి. పోయి ప్రియను తీసుకురా."

"ముందు సంగతేందో చెప్పు."

"నాకూ అట్టనే పోయినయ్యి. రోజుల తరబడి పోయినయ్యి. మీ అమ్మకు చెప్పా. సబ్జా నీళ్ళు ఇచ్చింది, తాగా. కల్లంలో నా గోనె తడిస్తే తన గోనె తీసి నా కింద ఏసింది. అడుగు, అడుగు మీ అమ్మను!"

ఏసుబాబు తల్లి వైపు చూశాడు. రత్నకుమారి తడిగుడ్డ పిండుతూ, "ఏ గోనె? ఏందే ఇది? నాకేం చెప్పావే నువ్వు?" అంది. ఒక్కచోట కూడా తడబడలేదు.

నిస్సీకి ఏడుపు రాలేదు. ఇంతే. ఇక ఇంతే. చెబితే మతి లేదంటారు, చెప్పకపోతే ఏమీ కాలేదంటారు. గట్టిగా చెబితే అసలు జరగనే లేదంటారు. ఇలాంటి మనుషుల మధ్య నిజానికి దారి ఎక్కడుంది?

"బావా, నన్ను నమ్మబాక," అంది. "నీకిష్టం ఉంటే నా మాట అబద్ధమే అనుకో. ప్రియను మాత్రం తీసుకురా. వేడే అయితే డాక్టరమ్మే చెప్పుద్ది, ఇంటికి తీసుకుపోదాం. కాకపోతే?"

ఏసుబాబు తాళం చూసుకున్నాడు. కొడుకున్న వార్డు వైపు చూశాడు. తర్వాత ఏమీ అనకుండా గేటు వైపు నడిచాడు. పెళ్ళాం మాట మీద కాదు, చెల్లెలికి ఏమవుతుందోనన్న భయంతో కదిలాడని నిస్సీకి తెలుసు. కదిలాడు, అంతవరకు చాలు.

రత్నకుమారి మళ్ళీ కుళాయి తిప్పింది. ఉతికేసిన గుడ్డనే మళ్ళీ తీసి ఉతకడం మొదలుపెట్టింది.

*

నాదెండ్ల వైపున్న వాళ్ళ ఊరి నుంచి ఆటో వచ్చేసరికి పొద్దు వాలింది. ప్రియ వెనక సీట్లో చేతిలో సీసా పట్టుకుని పడుకుని వచ్చింది. దారిలో దాహమేస్తుందని మిగిలిన సబ్జా నీళ్ళు పోసుకొచ్చుకుంది. ఆమె దిగుతుంటే సీటు మీద తడి మరక కనిపించింది. ఏసుబాబు దాన్ని చూశాడు. భుజం మీద తువ్వాలు తీసి దానిపై కప్పాడు.

కాన్పుల వార్డులో లేడీ డాక్టరు చేతికి గ్లౌజులు తొడుక్కుంటూ అడిగింది. "ఎన్నాళ్ళ నుంచమ్మా?"

ప్రియ అలవాటుగా తల్లి వైపు చూసింది.

"వేడమ్మగారూ. ఎండలు గదా. మా పిల్లది వేడి శరీరం..." రత్నకుమారి మొదలుపెట్టింది.

"నేను మిమ్మల్ని అడగలేదు. మీరు బయటికెళ్ళండి," అంది లేడీ డాక్టరు. తెర లాగేసింది. "ఎవరో ఒకరు ఉండండి చాలు."

"వదిన ఉంటది," అంది ప్రియ.

తెర లోపల నిస్సీ ప్రియ చెయ్యి పట్టుకుని నిలబడింది. పరీక్ష అయింది. తడికి ఆనించిన పరీక్ష పట్టీ రంగు మారింది. డాక్టరమ్మ గ్లౌజులు తీసి పడేసింది.

"ఉమ్మనీరే. ఇంకా చాలా మిగిలే ఉంది, అదృష్టం. బిడ్డ గుండె కూడా బాగుంది. చేర్చుకుంటున్నాం. మందులు, దానితోపాటు బిడ్డ ఊపిరితిత్తులకు ఇంజెక్షన్ ఇప్పుడే ఇస్తాం. ఇంకో రెండు రోజులు ఇంట్లో ఉండి ఉంటే ఏం మాట్లాడుకునేవాళ్ళమో నాకు తెలీదు. తీసుకొచ్చిందెవరు?"

"వదినే రమ్మంది డాక్టరమ్మా," అంది ప్రియ. అప్పుడు మొదలైంది ఆమెకు ఏడుపు.

తెర అవతల రత్నకుమారి అంతా విన్నది. నిస్సీ బయటికొచ్చేసరికి ఆమె గోడ పక్కన చేతులు కడుక్కునే తొట్టి దగ్గర నిలబడి ఉంది. ప్రియ తెచ్చిన సీసా మూత తీసి నీళ్ళు పారబోస్తోంది. ఉబ్బిన సబ్జా గింజలు జాలీకి అడ్డం పడి నీళ్ళు పోవడం లేదు. ఆమె వంగి, వేళ్ళతో ఆ గింజల్ని ఒక్కొక్కటే ఏరి తీస్తోంది. జారిపోతున్నాయి. మళ్ళీ తీస్తోంది. తాలుకాయల్ని అంత వేగంగా ఏరే చేతులు, చిన్న గింజల్ని పట్టుకోలేకపోతున్నాయి.

నిస్సీ సాయం చెయ్యలేదు. జాలి కలిగింది, కానీ చెయ్యలేదు. "పాలకు టైమయింది," అని పైకి వెళ్ళిపోయింది.

వెనక మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. ఒకటి అత్తది, ఇంకొకటి మొగుడిది.

పిల్లల వార్డు తలుపు దగ్గర సుధీర్ బాబు సాయంత్రం రౌండ్లు ముగించుకుని బయటికొస్తున్నాడు. నిస్సీ పక్కకు తప్పుకుంది. రత్నకుమారి తప్పుకోలేదు. చెప్పులు విడిచి, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ ఆయన ఎదురుగా నిలబడింది.

"సార్, మీరు ఒకటికి రెండుసార్లు అడిగారే. నీళ్ళు పోయినయ్యా అని."

"అవును."

"మళ్ళీ అడగండి సార్. దాన్ని అడగండి. ఈసారి నేను మాట్టాడను."

డాక్టరు ఆమెను, ఆమె వెనక తల దించుకున్న ఏసుబాబును చూశాడు. నిస్సీ వైపు తిరిగాడు. "చెప్పమ్మా."

చెప్పాల్సిన చోటు ఖాళీగా ఉంది. ఎవరూ అందులోకి దూరడం లేదు. అలవాటు లేక నిస్సీకి మొదట గాలి అందలేదు. తర్వాత మాట వచ్చింది.

"పోయినయ్యి సార్. మొదట కొంచెం కొంచెం. తర్వాత గోనె తడిసేటంత. చివర్లో వాసన వచ్చింది. చలీ జ్వరం వచ్చింది. వేడి చేసిందనుకున్నాం. బయట ఎవరికీ చెప్పుకోలేదు. రోజూ పొద్దున్నే సబ్జా నీళ్ళు తాగా. నిన్న మీరడిగితే లేదన్నా. అది అబద్ధం సార్."

డాక్టరు కోప్పడలేదు. "ఇప్పుడు చెప్పావు, మంచిది," అన్నాడు. "సబ్జాలు పాపం ఏం చెయ్యవు. వాటిని నమ్ముకుని ఆగిపోవడమే తప్పు. వేడి అని ఎవరు చెప్పారమ్మా నీకు? ఆ నీళ్ళు ఎవరిచ్చారు?"

నిస్సీ ఆగింది. కుళాయి దగ్గరైతే అరిచి చెప్పింది. ఇక్కడ నోరు రాలేదు. ఇరుగుపొరుగు అంటే సరిపోతుంది, ఎవరో అంటే సరిపోతుంది. పేరు చెప్పకుండా తప్పించడానికి ఎన్నో మాటలున్నాయి. అద్దం అవతల పిల్లవాడు డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీస్తూనే ఉన్నాడు.

మాట్లాడనన్న రత్నకుమారి, ఆ ఒక్క మాటే మాట్లాడింది.

"నేనే సార్."